యుద్ధవార్త విన్న ప్రతిసారీ యెహెజ్కేలు 38 తెరవడం సరైనదేనా?

ప్రశ్న: వాక్యాభిలాషి

ప్రభువు నామమున అందరికీ వందనములు.

మా సంఘంలో యౌవనస్థుల బైబిలు అధ్యయనాన్ని నడిపించే బాధ్యత నాకు అప్పగించారు. ప్రతి లేఖనమూ దైవావేశం వలన కలిగినదనీ, అందులో తప్పు లేదనీ, క్రీస్తు అందరి కన్నులకూ కనబడేలా తిరిగి వస్తాడనీ నమ్మే సంఘం మాది. ఆ నమ్మకాల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. నన్ను కలతపెడుతున్న సంగతి వేరు. లోకంలో ఎక్కడ యుద్ధం మొదలైనా, ఎక్కడ భూమి కంపించినా, దేశాల మధ్య ఏ ఒప్పందం కుదిరినా, మరుసటి అధ్యయనానికి ఎవరో ఒకరు ఫోనులో ఒక వీడియోతో వస్తున్నారు. అన్నిటిలోనూ వరస ఒకటే: ఒక పటం, దాని మీద ఉత్తరం నుండి దక్షిణానికి గీసిన ఎర్రని బాణాలు, పక్కన యెహెజ్కేలు 38వ అధ్యాయం నుండి తీసిన రెండు వచనాలు, చివర ఇదే ఆఖరి తరమన్న ప్రకటన.

ఇటీవల ఒక యౌవనస్థుడు పైచదువులకు దరఖాస్తు పెట్టడం మానుకున్నాడు. రాకడ ఇంత దగ్గరలో ఉండగా నాలుగేళ్ల చదువు ఎందుకని అడిగాడు. ఆ మాట సోమరితనంతో అన్నది కాదు, ప్రభువును చూడాలన్న ఆశతో అన్నదే. అందుకే దాన్ని తేలికగా తీసివేయలేకపోతున్నాను. మరోవైపు, అసలు వార్తల ప్రస్తావనే అధ్యయనంలో రాకూడదని కొందరు పెద్దలు అంటున్నారు. అది కూడా నాకు సరిగా తోచడం లేదు, ఎందుకంటే ప్రవక్తలు అష్షూరును, బబులోనును, కోరెషును పేర్లు పెట్టి మరీ ప్రస్తావించారు. లేఖనానికి పూర్తిగా లోబడిన విశ్వాసి నేటి సంఘటనలను ఏ విధంగా చూడాలి? అనుభవం ఉన్నవారు వాక్యం నుండి చెప్పగలరని అడుగుతున్నాను.

జవాబు: బెరయ మార్గం

సహోదరుడా, వందనములు. యెహెజ్కేలు 38లో ఉత్తరం నుండి ఇశ్రాయేలు మీదికి దండెత్తి వచ్చే గోగు ఎవరన్న ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే సంఘ చరిత్రలో ఈ ఒక్క అధ్యాయానికి ఏం జరిగిందో చూపిస్తే మీ యౌవనస్థులకు చాలా సంగతులు వాటంతట అవే బోధపడతాయి.

క్రీ.శ. 378లో ఆడ్రియనోపుల్ దగ్గర గోతులు అనే జర్మానిక్ జాతివారు రోమా సైన్యాన్ని ఓడించారు, చక్రవర్తి వాలెన్స్ ఆ యుద్ధంలోనే మరణించాడు. ఆ రోజుల్లోనే మిలాను బిషప్ అంబ్రోస్, మరో చక్రవర్తి గ్రేషియన్‌కు విశ్వాసాన్ని గురించి రాస్తూ, యెహెజ్కేలు చెప్పిన గోగు ఈ గోతులేనని తేల్చాడు. 1529లో తురుష్కులు వియన్నాను ముట్టడించారు. మరుసటి ఏడాది మార్టిన్ లూథర్ యెహెజ్కేలు 38, 39 అధ్యాయాలను జర్మను భాషలో విడిగా అచ్చు వేయించి, గోగు అంటే తురుష్కులని ముందుమాటలో రాశాడు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ స్థానం సోవియట్ రష్యాకు దక్కింది. వీరిలో అంబ్రోస్‌నూ లూథర్‌నూ వాక్యం పట్ల భక్తి లేనివారని ఎవరూ అనలేరు. తమ గుమ్మం ముందు నిలిచిన శత్రువు ఎంత పెద్దగా కనబడ్డాడంటే, ప్రవచనంలో వానికి తప్ప మరొకరికి చోటు లేదని వారికి అనిపించింది. అంబ్రోస్ చేతనే బాప్తిస్మం పొందిన అగస్టీన్ మాత్రం, 410లో ఆ గోతులే రోమును కొల్లగొట్టిన తర్వాత కూడా, ప్రకటన గ్రంథంలోని గోగు మాగోగులను ఫలానా జాతికి అంటగట్టడానికి ఒప్పుకోలేదు. భూమి నలుదిశలా సంఘాన్ని ద్వేషించేవారందరినీ అక్కడ చూడాలని రాశాడు. భయం అతి దగ్గరగా ఉన్న రోజుల్లో ఒక మనిషి లేఖనం చెప్పినంతవరకే వెళ్లి ఆగగలిగాడంటే అది చిన్న సంగతి కాదు.

ఇక మూలసూత్రానికి వస్తాను. లేఖనంలో తప్పు లేదని నమ్మే మనకు, ఆ లేఖనాన్ని మొదట విన్నవారికి అది ఏమి చెప్పిందో వెదకడం విధి. 1978లో అమెరికాలోని షికాగోలో సువార్తిక నాయకులు లేఖన నిర్దోషత్వాన్ని గురించి ప్రకటన చేసినప్పుడు, వాక్యాన్ని దాని వ్యాకరణాన్నీ చారిత్రక సందర్భాన్నీ అనుసరించి, రచనా రీతిని గమనిస్తూ వివరించాలని అందులోనే స్పష్టంగా చేర్చారు. యెహెజ్కేలు బబులోను దేశంలో కెబారు నది ఒడ్డున చెరలో ఉన్న యూదులతో మాట్లాడుతున్నాడు. 38వ అధ్యాయంలో వచ్చే మెషెకు, తుబాలు వారికి కొత్త పేర్లు కావు: 27వ అధ్యాయంలో ఈ జనాలే తూరు పట్టణంతో వర్తకం చేసినట్లు అతడే రాశాడు. ఎక్కడో దూరాన ఉన్న ఆ జనాలు కూడా గుంపుగా లేచి వచ్చినా, ఇంటికి తిరిగి చేరిన దేవుని ప్రజలను కదిలించలేరన్నది ఆ చెరవారికి అందిన ఆదరణ. వీడియోలో ఎర్రని బాణాలు గీసిన వ్యక్తి ఆ ఆదరణను వదిలేసి, దాని స్థానంలో లేఖనం రాయని ఒక దేశం పేరును పెట్టాడు. దేవుడు రాయని మాటను దేవుడే చెప్పినట్లు పలకడం సంప్రదాయ విశ్వాసానికి సరిపడదు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయంలో యెహోవా నామమున పలికిన మాట నెరవేరకపోతే అది ఆయన చెప్పినది కాదని ఉంది కదా. ఈ పరీక్షను ఇప్పటి ఉపదేశకులకు పెట్టడానికి మనం ఎందుకు జంకుతున్నామో నాకు అర్థం కాదు.

ప్రభువు కూడా ఒకసారి అప్పటి వార్తలను గురించి మాట్లాడాడు, దాన్ని మీ పిల్లలతో నెమ్మదిగా చదివించండి. లూకా 13వ అధ్యాయంలో, పిలాతు కొందరు గలిలయుల రక్తాన్ని వారి బలులతో కలిపిన సంగతిని కొందరు ఆయనకు తెలియజేశారు. రాజకీయంగా అంతకంటే వేడి వార్త ఆ రోజుల్లో మరొకటి ఉండదు. ఆయన పిలాతును గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఇది ఏ ప్రవచనానికి నెరవేర్పో చెప్పలేదు. పైగా సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన మరో సంఘటనను తానే ప్రస్తావించి, చనిపోయినవారు మిగిలినవారికంటె ఎక్కువ పాపులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే చెప్పి, "మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు" అన్నాడు. వార్త తెచ్చినవారు ఎవరిని గురించో మాట్లాడదామని వచ్చారు. ఆయన వారిని గురించే మాట్లాడి పంపాడు.

జవాబు: కనిపెట్టువాడు

బెరయ మార్గం గారి మాటల్లో చాలావాటికి నేను ఆమేన్ చెబుతాను. అయితే నేను భూమి మీద క్రీస్తు చేసే వెయ్యేండ్ల పాలనకు ముందే ప్రభువు వస్తాడనీ, ఇశ్రాయేలుకు దేవుడిచ్చిన వాగ్దానాలు అక్షరాలా నెరవేరుతాయనీ నమ్మే బోధలో పెరిగినవాడిని, ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. పొరపాటు చేసినవారి జాబితా చూపించి ప్రవచనాన్నే పక్కన పెట్టేసే ప్రమాదం మరో వైపున ఉందని చెప్పకపోతే నా మనస్సాక్షి ఒప్పుకోదు.

పంతొమ్మిదవ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ వంటి బోధకులు యూదులు తమ దేశానికి తిరిగి వస్తారని కేవలం లేఖనాన్ని బట్టి బోధించారు. వార్తల్లో దానికి ఆధారమేమీ కనబడని కాలం అది. 1948 మే 14న ఇశ్రాయేలు దేశం ఏర్పడింది. అది యెహెజ్కేలు 36, 37 అధ్యాయాలకు సంపూర్ణ నెరవేర్పని నేను అనను, ఎందుకంటే ఆ అధ్యాయాల్లో కొత్త హృదయం, కొత్త ఆత్మ కూడా ఉన్నాయి, అవి ఇంకా రావలసి ఉంది. కానీ ఆ సంఘటనకు లేఖనంతో ఏ సంబంధమూ లేదని అనడం కూడా నా వల్ల కాదు. మేఘం పడమటనుండి పైకి రావడం చూచి వాన వస్తుందని చెప్పేవారు ఈ కాలాన్ని గుర్తించలేకపోవడం ఏమిటని ప్రభువు లూకా 12లో జనసమూహాన్ని గద్దించాడు. ఆయన రాకడను గూర్చిన వాగ్దానం ఏమాయెనని అపహాస్యం చేసేవారు అంత్యదినాల్లో వస్తారని పేతురు హెచ్చరించాడు. పదేపదే తప్పిన లెక్కలు చూసి విసిగిపోయిన విశ్వాసులు ఆ అపహాసకుల గొంతుతో మాట్లాడటం నేను విన్నాను, అది నన్ను చాలా బాధించింది.

తేదీల విషయంలో మాత్రం రాజీ లేదు. అమెరికా బోధకుడు విలియం మిల్లర్ దానియేలు 8లోని 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కించి రాకడ కాలాన్ని బోధించాడు, చివరకు అతని అనుచరులు 1844 అక్టోబరు 22ను నమ్ముకొని, కొందరు పంట కోయకుండా పొలంలోనే వదిలి ఎదురుచూశారు. ఇశ్రాయేలు ఏర్పడిన 1948కి ఒక తరమని 40 ఏళ్లు కలిపి 1988 అన్నవారు మా బోధలోని వారే. అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అని ప్రకటించి, అది దాటిపోయాక అక్టోబరు 21 అన్నాడు. మరుసటి ఏడాది మాత్రం, ఆ దినమైనా ఆ గడియైనా ఎవరికీ తెలియదన్న వచనాన్ని ఒప్పుకొని, తాను చేసింది పాపమని బహిరంగంగా రాశాడు. "కాలములను సమయములను తండ్రి తన స్వాధీనమందుంచుకొనియున్నాడు, వాటిని తెలిసికొనుట మీ పనికాదు" అన్న మాట పునరుత్థానుడైన ప్రభువు నోట, ఇశ్రాయేలు రాజ్యాన్ని గురించి శిష్యులు అడిగిన ప్రశ్నకే జవాబుగా వచ్చిందని మా బోధలోని వారు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఆ యౌవనస్థుని సంగతి. అతని ఆశను ఆర్పవద్దు, దానికి దారి చూపించండి. థెస్సలొనీక సంఘంలోనూ ఇదే జరిగింది: ప్రభువు దినం ఇప్పుడే వచ్చియున్నదన్న మాటకు కొందరు చంచలమనస్కులయ్యారు, కొందరు పని మానేశారు. పౌలు రాకడ బోధను తగ్గించలేదు, నెమ్మదిగా పని చేసుకుంటూ సొంత ఆహారం తినమని ఆజ్ఞాపించాడు. యిర్మీయా 32వ అధ్యాయం కూడా అతనితో చదివించండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది, పట్టణం పడిపోతుందని స్వయంగా ప్రకటించినవాడు యిర్మీయాయే, ఆ నేరానికే చెరసాలలో ఉన్నాడు. అటువంటి వేళ దేవుడు అతనిచేత అనాతోతులో పొలం కొనిపించాడు. అతడు 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షులను పిలిపించి, క్రయపత్రం మీద ముద్ర వేయించి, అది చాలా దినాలు నిలిచేలా మట్టికుండలో పెట్టించాడు. రేపు ఏం జరుగుతుందో దేవుని నోట విన్న మనిషి కూడా దస్తావేజు పని శ్రద్ధగా ముగించాడు. వీడియో చూసిన మనిషి చదువు మానుకోవడానికి లేఖనంలో ఆధారం ఎక్కడుందో అతనినే వెదకమనండి.

వాక్యాభిలాషి

ఇద్దరికీ హృదయపూర్వక వందనములు. యిర్మీయా 32ను ఈ కోణంలో ఎన్నడూ చదవలేదు. ఆ సహోదరునితో విడిగా కూర్చుని ఆ అధ్యాయం మొదటినుండి చివరివరకు చదువుతాను.

ఇంకొక్క సంగతి అడగాలని ఉంది. యౌవనస్థుల ప్రశ్నలన్నీ అంత్యదినాలను గురించినవే కావు. చట్టాలు, పాలకులు, యుద్ధంలో ఎవరి పక్షం న్యాయమైనది, గర్భస్రావం, వివాహం వంటివి కూడా చర్చకు వస్తాయి. వీటన్నిటి మీదా వాక్యం ఒకే స్వరంతో మాట్లాడుతుందని కొందరు, ఇవన్నీ లోకసంబంధమైనవని కొందరు వాదులాడుకుంటున్నారు.

జవాబు: దీపస్తంభం

సహోదరుడా, నేను మా సంఘంలో స్త్రీల అధ్యయనాన్ని నడిపిస్తాను, ఇవే ప్రశ్నలు మా దగ్గరా వస్తాయి. వాక్యం సూటిగా చెప్పిన సంగతులను, వాక్యం నుండి మనం ఆలోచించి తేల్చుకోవలసిన సంగతులను వేరుచేసి చూపడం మాకు ఎంతో మేలు చేసింది. తల్లి గర్భంలోని బిడ్డను దేవుడు నిర్మించాడన్నది, వివాహం ఒక పురుషునికీ ఒక స్త్రీకీ మధ్య దేవుడు నియమించిన బంధమన్నది, అబద్ధసాక్ష్యం పాపమన్నది, పరదేశిని, విధవరాలిని, తండ్రిలేనివారిని బాధించకూడదన్నది మనం ఓటు వేసి నిర్ణయించుకునే అభిప్రాయాలు కావు. లోకం ఎంత ఎగతాళి చేసినా వీటిని వదులుకోలేము. వీటిలో మొదటి రెండింటినే గట్టిగా పలికి చివరి రెండింటిని గొణిగే అలవాటు మనలో ఉంటే, అది కూడా వాక్యానికి పూర్తిగా లోబడటం కాదు. అయితే ఫలానా పన్ను ఎంత ఉండాలి, ఫలానా ఒప్పందం మంచిదా కాదా, ఫలానా యుద్ధంలో ఏ సేనాపతి నిర్ణయం సరైనది అన్నవాటికి వచనం లేదు. అక్కడ ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకునే ఇద్దరు విశ్వాసులు భిన్నంగా ఆలోచించవచ్చు. వారిలో ఎవరూ తన అభిప్రాయానికి "యెహోవా సెలవిచ్చునదేమనగా" అన్న ముద్ర వేయకూడదు.

పాలకుల విషయంలో పౌలు తిమోతికి రాసిన మాట ముందు పెట్టండి: రాజుల కొరకును అధికారులందరి కొరకును ప్రార్థనలు చేయాలని అతడు రాసిన రోజుల్లో రోమును ఏలుతున్నది నీరో. ఏలేవారు మనకు నచ్చినవారైతేనే ప్రార్థిస్తామని చెప్పడానికి ఆ పత్రిక చోటివ్వదు. మా అధ్యయనంలో ఒక పాలకుణ్ణి ప్రస్తావించి విమర్శించాలనుకున్నవారు ముందుగా అతని కొరకు పేరు పెట్టి ప్రార్థించాలన్న నియమం పెట్టుకున్నాము. విమర్శ ఆగిపోలేదు, దానిలోని ద్వేషం చాలావరకు తగ్గింది.

వీడియోల సంగతి కూడా కొంచెం చెప్పాలి. నిర్గమకాండము 23వ అధ్యాయం "లేనివార్తను పుట్టింపకూడదు" అన్న ఆజ్ఞతో మొదలవుతుంది. ఒక పాత భూకంపపు దృశ్యాన్ని నిన్నటిదని చెప్పి పంపడం, అది రాకడను గురించినదైనా సరే, ఈ ఆజ్ఞను మీరడమే. వాది మాట మొదట న్యాయంగానే కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాకే సంగతి తేలుతుందన్న సామెతలు 18వ అధ్యాయపు మాట ఫోను చేతిలో ఉన్న ప్రతి విశ్వాసికీ అవసరం. సత్యమైన దేవుని రాకడను అబద్ధపు వార్తతో ప్రకటించడం ఎంత ఘోరమో పిల్లలకు మెత్తగానైనా స్పష్టంగా చెప్పాలి.

అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం చివరి నాలుగు వచనాలు నాకు చాలా ఇష్టం. అగబు అనే ప్రవక్త అంతియొకయలో నిలబడి భూలోకమంతట గొప్ప కరవు రాబోతుందని ఆత్మ ద్వారా తెలియజేశాడు, అది క్లౌదియ చక్రవర్తి కాలంలో వచ్చిందని లూకా రాశాడు. అది నిజమైన ప్రవచనం, నిజమైన కరవు. మత్తయి 24లో ప్రభువు చెప్పిన కరవుల్లో ఇదీ ఒకటని కూర్చుని చర్చించడానికి శిష్యులకు అన్ని అవకాశాలూ ఉన్నాయి. వారు చేసింది ఏమిటంటే, ప్రతివాడును తన శక్తికొలది యూదయలోని సహోదరులకు సహాయం పంపాలని నిశ్చయించుకుని, బర్నబా సౌలుల చేత ఆ సొమ్మును పెద్దలకు అందజేశారు. ఈ భాగం చదివిన తర్వాత మా సహోదరీలు ఒక అలవాటు చేసుకున్నారు. విపత్తు వార్త ఏది చర్చకు వచ్చినా, దానికోసం ఏం ప్రార్థించాలి, ఎవరి ద్వారా ఏం పంపగలం అన్నవి మాట్లాడుకున్నాకే మిగతా సంగతులకు వెళతారు. చాలాసార్లు మిగతా సంగతులకు సమయం మిగలదు.

జవాబు: బెరయ మార్గం

కనిపెట్టువాడు గారితో ఒక్క విషయంలోనే నాకు భేదం. లూకా 12లో ప్రభువు గుర్తించమన్న కాలం ఆ జనసమూహం కళ్లెదుట ఉన్న కాలం, అంటే మెస్సీయ తమ మధ్య నిలబడి ఉన్న కాలం. దాన్ని నేటి దేశాల కదలికలకు వర్తింపజేసే ముందు మరింత ఆధారం కావాలని నా నమ్మకం. ఇది సహోదరుల మధ్య ఉండదగిన భేదమే, అతని ఎదురుచూపును నేను గౌరవిస్తున్నాను. అపహాస్యాన్ని గురించి అతడు చేసిన హెచ్చరిక నా వంటివారికే ఎక్కువగా తగులుతుంది, దాన్ని స్వీకరిస్తున్నాను.

వాక్యాభిలాషి గారికి ఒక సలహా. ఈసారి ఎవరైనా యెహెజ్కేలు 38ను తెస్తే, దాన్ని 33వ అధ్యాయం నుండి వరుసగా చదివించండి. యెరూషలేము నుండి తప్పించుకొని వచ్చిన ఒకడు పట్టణం కొల్లపోయిందన్న వార్తను ప్రవక్తకు తెచ్చేది అక్కడే. ఆ తరమంతటికీ అంతకంటే పెద్ద వార్త లేదు. ఆ అధ్యాయం చివరలో జనులు గోడల దగ్గర, ఇంటి ద్వారాల దగ్గర నిలబడి యెహెజ్కేలును గురించే మాట్లాడుకుంటారు, పోయి యెహోవా మాట ఏమిటో విందాము రండని ఒకరినొకరు పిలుచుకుంటారు, వచ్చి అతని ఎదుట కూర్చుంటారు. వారికి నీవు వాద్యం బాగా వాయిస్తూ మధురంగా పాడేవానివలె ఉన్నావు, వారు నీ మాటలు వింటారు గాని వాటిని చేయరని దేవుడు ప్రవక్తతో అంటాడు. అక్కడినుండి 34లో తమను తామే మేపుకున్న కాపరులు, 36లో కొత్త హృదయం, 37లో ఎండిన ఎముకలు, ఆ తర్వాతే గోగు. వారానికి ఒక అధ్యాయం చొప్పున తీసుకోండి. వీడియో చూడాలని ఎవరైనా పట్టుబడితే వద్దనకండి, 38వ అధ్యాయం చేరిన వారంలో అందరూ కలిసి చూసి, అందులో చెప్పిన ప్రతి మాటకూ వచనం ఎక్కడుందో బైబిలు తెరిచి వారినే చూపించమనండి.